మడిబట్టలకు గ్యాసు డ్రయ్యరు

గోదావరి జిల్లాల్లో ఎక్కడ బట్ట తడిసినా చివరికి నా చేతుల మీదుగా ఆరాల్సిందేనని చాలా పెళ్ళిళ్ళలో చెప్పుకున్నాను. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు, హాస్టళ్ళ లుంగీలు అన్నీ నేను బిగించిన మిషన్లలోనే తిరుగుతాయని, రాజమండ్రి వంతెనకి అటూ ఇటూ నా గొంతు వినబడితే చాలు డ్రమ్ములు వాటంతటవే కదులుతాయని కూడా ఒకసారి అన్నాను. అది మా తోడల్లుడి కూతురి పెళ్ళిలో. విన్నవాళ్ళు భోజనాల తొందరలో ఉన్నారు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

నిజానికి మాది చిన్న షాపు. బట్టలుతికే మిషన్లు, ఆరబెట్టే మిషన్లు అమ్మడం, బిగించడం, పాడైతే బాగుచేయడం. ఓనరుగారు, అమ్మకాలు చూసే ఒక అమ్మాయి, సర్వీసుకి నేను. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం తెగిన బెల్టులు మార్చడంతోనూ, జల్లెడలో పేరుకున్న దూది పీకడంతోనూ గడిచింది. అందులో రాయదగినది ఏమీ లేదు.

రిటైరయ్యాక కూడా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏ డ్రయ్యరు తక్కువ గ్యాసు తాగుతుంది, ఏ ఇంటికి ఏది పెట్టాలి అని అడుగుతారు. వాళ్ళకి నేను ఈ ఒక్క కేసే చెబుతాను. నా ఘనకార్యంగా మొదలుపెడతాను. చివరిదాకా ఘనకార్యంగా ఉంచడం మాత్రం ఇంతవరకూ నా వల్ల కాలేదు.

భాద్రపదంలో ఒక వాన పూట షాపులోకి ఒక పెద్దావిడ వచ్చారు. గుమ్మంలోనే ఆగి, చీర కుచ్చిళ్ళు పిండుకుని, లోపల తిరుగుతున్న పెద్ద మిషను వంక చాలాసేపు చూశారు. అది మేం వచ్చినవాళ్ళకి చూపించడానికి ఉంచిన గ్యాసు డ్రయ్యరు.

"అందులో తిరుగుతున్నవేంటి బాబూ?" అన్నారు.

"పక్కన లాడ్జి వాళ్ళ తువ్వాళ్ళండి. ఊరికే తిరగడమెందుకని వాళ్ళవి ఆరబెట్టిస్తుంటాం" అంది మా సేల్స్ అమ్మాయి.

ఆవిడ తలాడించి, తనకీ ఒకటి కావాలన్నారు. కరెంటుది మాత్రం వద్దన్నారు. వానొస్తే వాళ్ళ ఊళ్ళో కరెంటు నిలవదు. బట్టలారనిది వానలోనే కదా.

ఆవిడ భర్త కోనసీమలో కాలవ పక్కనున్న ఒక ఊరి శివాలయంలో పూజారి. అంతకుముందు ఏడు గోదావరి పొంగినప్పుడు వాళ్ళ పెంకుటిల్లు గోడలు దిగబడి, ఉండడానికి పనికిరాకుండా పోయింది. గుడి కమిటీవాళ్ళు చందాలు వేసుకుని ఒక తయారుగా ఉన్న ఇల్లు కొన్నారు. ఫ్యాక్టరీలో చేసి, లారీ మీద తెచ్చి, క్రేనుతో ఎత్తి స్తంభాల మీద పెట్టే రేకు గోడల ఇల్లు. కడియం దగ్గర మొక్కల లారీల మధ్య అది ఇరుక్కుని రోడ్డంతా ఆగిపోయిన రోజున నేనూ ఆ వరసలోనే ఉన్నాను. అది ఎవరిదో అప్పుడు నాకు తెలియదు.

ఇల్లు బాగానే ఉంది, నీళ్ళు రావు. కానీ కప్పు కిందికి ఉంది. అక్కడే వచ్చింది చిక్కు.

ఈ తరానికి మడి సంగతి చెప్పాలేమో. ఉతికి, ఎవరూ ముట్టుకోకుండా ఆరబెట్టిన బట్ట మడిబట్ట. అది కట్టుకున్నవాళ్ళని పూజ అయ్యేదాకా సొంత పిల్లలు కూడా ముట్టుకోరు. పాత ఇంట్లో దండెం కప్పు దగ్గర, మనిషి తలకి అందనంత ఎత్తులో ఉండేది. పొడుగు కర్రతో పంచె పైకెక్కించి, ఆరాక మళ్ళీ కర్రతోనే దించేవారు. కొత్త ఇంట్లో ఎక్కడ దండెం కట్టినా నడిచేవాళ్ళ నెత్తికి తగులుతుంది. తగిలితే మళ్ళీ తడపాలి. బయట ముసురు. తడిబట్ట కట్టుకున్నా మడే కాబట్టి పూజారిగారు తడిపంచెతోనే గర్భగుడిలోకి వెళ్ళిపోతున్నారు. రోజూ, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి.

"కిందటి వానాకాలం నించీ దగ్గు పట్టుకుంది బాబూ. ఇంకో వానాకాలం ఇలాగే తడిపితే ఊపిరితిత్తులు నా మాట వినవన్నారు డాక్టరుగారు. ఈయన డాక్టరు మాట వినరు."

"పట్టుపంచె కట్టుకోవచ్చు కదమ్మా. దానికి తడపక్కర్లేదుగా" అన్నాను, నాకూ తెలుసునని చూపించుకోడానికి.

"అభిషేకాలు బాబూ. నీళ్ళు, పాలు, తేనె, పంచదార. పూటకో పట్టుపంచె ఎవరిస్తారు?"

చివర్లో అసలు సంగతి చెప్పారు. కార్తీకమాసంలో జనం ఎక్కువ. దగ్గుతో మంత్రం మధ్యలో ఆగిపోతున్నారని, సాయానికి ఇంకో పూజారిని తెస్తామని కమిటీవాళ్ళు అంటున్నారట.

"సాయానికని వచ్చినవాడు వెళ్ళడు. ఇల్లు గుడిది. గుడి పని పోతే ఇల్లూ పోతుంది. ఆయన మడి తప్పరు, నేను తప్పమని చెప్పలేను. కార్తీకం లోపల ఏదో ఒకటి చూడండి."

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా. ఇలాంటి ఇళ్ళల్లో బిగించి బిగించి నా చేతులు కాయలు కాశాయి" అన్నాను. కాయలు మాత్రం నిజమే.

ఏ డ్రయ్యరు మంచిదని అడిగేవాళ్ళు మిషను మీద పొదుపుకి గుర్తుగా అంటించిన నక్షత్రాలు చూస్తారు. నక్షత్రాలు అబద్ధం చెప్పవు, కానీ అవి మీ ఇల్లు చూసి అంటించినవి కావు. కరెంటువాటిలో, వాడిన వేడినే మళ్ళీ వాడుకునే హీట్ పంపు రకం అన్నిటికన్నా పొదుపు. ఆ ఊళ్ళో మాత్రం అది బట్టలారాల్సిన రోజునే నిద్రపోతుంది. గ్యాసుదైతే వేడికి సిలిండరు, డ్రమ్ము తిప్పడానికి మాత్రం కాస్త కరెంటు. ఆ కాస్తా వాళ్ళింట్లో ఉన్న ఇన్వర్టరు ఇవ్వగలదు. కాబట్టి గ్యాసే అని తేలింది.

తేలనిది సైజు. షాపులో తిరుగుతున్న పెద్ద మిషనుని వదిలించుకోవాలని ఓనరుగారికి ఎప్పటినించో ఉంది.

"అదే ఇచ్చేద్దాం గురువుగారూ. కాస్త తగ్గించి ఇస్తే వాళ్ళకీ ఆనందమే" అన్నారు.

"రెండు పంచెలు, ఉత్తరీయం, ఆవిడ చీర. అంతేనండి బట్టలు. ఆ డ్రమ్ములో వేస్తే ఖాళీ సినిమా హాల్లో నలుగురు కూర్చున్నట్టు ఉంటుంది."

"పెద్దదైతే త్వరగా ఆరవూ?"

ఆరవు. ఇది నాకు నిజంగా తెలిసిన కొద్ది విషయాల్లో ఒకటి కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. పొదుపు డ్రయ్యర్లలో డ్రమ్ము లోపల రెండు సన్నని లోహపు పట్టీలుంటాయి. తడిబట్ట వాటికి రాసుకుంటున్నంతసేపూ ఇంకా ఆరలేదని మిషనుకి తెలుస్తుంది. రాసుకునే తడి తగ్గగానే మంట ఆపేస్తుంది. ఆ ఆపడంలోనే గ్యాసు మిగిలేది. కానీ పెద్ద డ్రమ్ములో నాలుగు పల్చటి బట్టలు వేస్తే అవి పట్టీలకి సరిగా తగలవు. తడిగా ఉండగానే మిషను తన పని అయిపోయిందనుకుంటుంది. మళ్ళీ తిప్పాలి, మళ్ళీ గ్యాసు. ఇంటికి తగిన సైజు తీసుకోవడమే సగం పొదుపు. మిగతా సగం బట్టని గట్టిగా పిండడంలో ఉంది. నీళ్ళోడే బట్టని మంటతో ఆరబెట్టడం గ్యాసుని కాలవలో పోయడమే.

"బాబాయ్‌గారు ఒక వస్తువు చిన్నది చాలంటున్నారు. ఈ రోజు గుర్తుపెట్టుకోవాలండీ" అంది సేల్స్ అమ్మాయి ఓనరుగారితో.

కంపెనీ చేసేవాటిలో అన్నిటికన్నా చిన్న డ్రయ్యరు తెప్పించాం. అది పెట్టెలోంచి తీయకుండా తిన్నగా ఆ ఊరికే వెళ్ళి దిగింది. మా షాపు గుమ్మం కూడా చూడలేదు.

రేకు ఇంట్లో గ్యాసు డ్రయ్యరు బిగించడం మామూలు ఇంట్లో బిగించినట్టు కాదు. గోడంటే రెండు రేకులు, మధ్యలో నురుగులాంటి సరుకు. తేమ గాలి బయటికి పోయే గొట్టం వేడెక్కుతుంది, అది ఆ నురుగుకి తగలకూడదు. అందుకని గోడకి పెద్ద కన్నం చేసి, దానికి ఇంకో రేకు గొట్టం తొడిగి, దాని లోపలినించి ఇది పోనివ్వాలి. ఇల్లు స్తంభాల మీద ఉంది కదా అని గాలిని నేల కిందికి వదిలేస్తే ఆ చెమ్మకి నేల చెక్కలు కుళ్ళుతాయి. తిన్నగా బయటికే తీయాలి, వంపులు లేకుండా. గొట్టం వంకర్లు తిరిగిన కొద్దీ మిషను ఎక్కువసేపు తిరుగుతుంది. మంటకి గాలి కావాలి, ఈ ఇళ్ళకి సందులుండవు, కాబట్టి గాలి వచ్చే జాలీ పెట్టాలి. సిలిండరు బయట ఇనప గూట్లో ఉండాలి. మిషన్లు పైపుల్లో వచ్చే గ్యాసుకి తయారై వస్తాయి. సిలిండరు గ్యాసుకి సన్నటి రంధ్రమున్న జెట్టు మార్చాలి. ఇవన్నీ చేశాను. సబ్బు నురగ పూసి ఎక్కడా గ్యాసు కారడం లేదని చూశాను. మంట నీలంగా, పొట్టిగా, బుద్ధిగా వెలిగింది.

కార్తీకానికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. ఆ రోజు పొద్దుటినించీ వానే. పూజారిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి, గొంతులో ఎప్పుడూ ఏదో అడ్డుపడినట్టు ఉండేది. ఆవిడ స్నానం చేసి, మడి కట్టుకుని, పిండిన పంచె ఇత్తడి బాల్చీలో పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. డ్రమ్ము లోపలంతా తడిగుడ్డతో అప్పటికే తుడిచారు. కమిటీ పెద్దాయన, ఊళ్ళో పెద్ద రైతు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కాలు ఊపుతున్నారు. మా సేల్స్ అమ్మాయి నా పక్కనే ఉంది. నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"కొత్త మిషన్లు మొదట్లో మొరాయిస్తాయండీ. మా వరికోత మిషను అలాగే చేసింది. ఇది బానే పనిచేస్తుందంటారా?" అన్నారు పెద్దాయన.

"మీకా భయమే అక్కర్లేదండి. మా షాపులో నెలల తరబడి తిప్పి తిప్పి, ఆ తరవాతే తెచ్చాను. లాడ్జి తువ్వాళ్ళు, ఆసుపత్రి దుప్పట్లు, ఇందులో ఆరనిదంటూ లేదు."

ఆవిడ చేతిలో బాల్చీ నేల మీదికి దిగింది. సేల్స్ అమ్మాయి నా కాలు తొక్కింది. ఆలస్యంగా తొక్కింది.

"ఇందులోనేనా?" అన్నారు పూజారిగారు.

"ఆయ్, ఇందులోనేనండి" అన్నాను. నోటికి ఆ వేగం మొదటినించీ ఉంది.

"నేను షాపుకి వెళ్ళినప్పుడు చూశానండీ. తువ్వాళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు ఆవిడ భర్తతో, నెమ్మదిగా. "ఇందులోనూ తిప్పారని నాకు తెలియదు."

అప్పటికి నాకు అర్థమైంది. అర్థమవగానే చెప్పాను, అది వేరే మిషనని, పెద్దదని, ఇది కొత్తదని.

"ఇప్పుడే కదండీ ఇందులోనేనన్నారు" అన్నారు పూజారిగారు. కోపం లేదు. సిలిండరు ఎక్కడ పెట్టారని అడిగినట్టే అడిగారు. "కొత్తదైతే తడిగుడ్డతో తుడుచుకుని వాడుకుందామనుకున్నాం. కొత్త బిందెనీ అలాగే కదా వాడుకుంటాం. ఊళ్ళోవాళ్ళు ఒళ్ళు తుడుచుకున్నవి తిరిగిన చోట పంచె తిప్పి, అది కట్టుకుని లోపలికి వెళ్ళలేనండి."

"బిందైతే చింతపండేసి తోమి, నాలుగు చెంబులు పోసేదాన్ని. ఇందులో నీళ్ళు పోయచ్చా?" అన్నారు ఆవిడ.

"పోస్తే పాడైపోతుందమ్మా" అన్నాను. ఆ రోజు వాళ్ళు అడగ్గానే నేను చెప్పిన మొదటి నిజం అదే.

శాస్త్రంలో అలా ఉందో లేదో నాకు తెలియదు. ఆ ఇంటి పద్ధతి అది.

"నాలుగు మంత్రాలు చదివి నీళ్ళు చల్లేస్తే పోదా అండీ? మా ఇళ్ళల్లో మీరు చేసేది అదేగా" అన్నారు పెద్దాయన.

"మీ ఇళ్ళల్లో తప్పదు కాబట్టి చేస్తాను. నా సుఖం కోసం నేనే చల్లుకుని, నేనే శుద్ధి అయిందనుకుంటే, రేపు మీ ఇంట్లో చల్లినప్పుడు మీరెందుకు నమ్మాలి?"

పెద్దాయన ఊపుతున్న కాలు ఆపారు.

మధ్యాహ్నం నైవేద్యం వేళయింది. పూజారిగారు బాల్చీలో పంచె మళ్ళీ తడిపి, తలుపు చాటున కట్టుకుని, వానలోకి దిగి గుడికి వెళ్ళిపోయారు. గుడి ఆ పక్కనే. మంత్రం వినిపిస్తోంది, మధ్యలో దగ్గు వినిపిస్తోంది. దగ్గు వచ్చినప్పుడు మంత్రం ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటున్నారు.

"చూశారుగా అమ్మా. ఇలాగైతే కార్తీకానికి ఇంకొకాయన్ని పెట్టక తప్పదు. మీరేమీ అనుకోకండి" అన్నారు పెద్దాయన.

"ఏమనుకుంటామండీ" అన్నారు ఆవిడ.

సేల్స్ అమ్మాయి నన్ను మెట్ల మీదికి లాక్కుపోయింది. "బాబాయ్‌గారూ, మీరు రోజూ చెప్పేవి మేం వింటాం. మాకేం పోదు, కాలక్షేపం. ఇక్కడ వీళ్ళ ఇల్లు పోయేలా ఉంది" అంది. ఆ అమ్మాయి తిడితే బాగుండేది.

పూజారిగారు తిరిగి వచ్చేసరికి నేను గుమ్మం కిందే నిలబడి ఉన్నాను. ఆయన పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"ఇందులో ఇంతవరకూ ఏ బట్టా తిరగలేదండి. నెలలు తిప్పాననడం గొప్పకి చెప్పింది" అన్నాను.

"అమ్మకం పోతుందని ఇప్పుడీ మాట చెబుతున్నారనుకోవచ్చు కదా?"

అనుకోవచ్చు. నేనైనా అలాగే అనుకుంటాను. ఇంకేం చెప్పాలో ఆలోచిస్తే ఒకటే మిగిలింది. పైన ఇల్లు, గొట్టం, జెట్టు అంటూ రాసిందంతా చదివితే నేను ఇలాంటివి చాలా బిగించాననిపిస్తుంది. అనిపించాలనే అలా రాశాను. వాళ్ళకీ అలాగే అనిపించేలా మాట్లాడాను.

"నేను తిప్పి చూడ్డానికి అసలు ఇలాంటిది నా చేతికి ఎప్పుడూ రాలేదండి. ఇంట్లో గ్యాసు డ్రయ్యరు బిగించడం నాకిదే మొదటిసారి. హోటళ్ళలో పెద్దవి బిగించేటప్పుడు కంపెనీ ఇంజనీర్లు పక్కన ఉండేవారు. వాళ్ళు చెబుతుంటే నేను బోల్టులు తిప్పేవాణ్ణి. రేకు ఇంటికి గొట్టం ఎలా తీయాలో మిషనుతో వచ్చిన పుస్తకం చూసి నేర్చుకున్నాను. ఇవాళ బస్సులో కూడా అదే చదువుకుంటూ వచ్చాను."

"చదివారండీ" అంది సేల్స్ అమ్మాయి. "వెలుతురు కావాలని కిటికీ సీటు నాకివ్వలేదు."

పెద్దాయన లేచి నిలబడ్డారు. "అంటే ఏంటండీ? ఈ నురుగు గోడల ఇంట్లో మంట పెట్టడం ఈయనకి మొదటిసారా? పదిమంది దగ్గర చందాలు పోగేసి కొన్న ఇల్లిది."

పూజారిగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. దగ్గొచ్చింది, దగ్గి, గొంతు సవరించుకున్నారు.

"ఈ మాట మీ ఓనరుగారికి తెలిస్తే?"

"ఇంటికి పంపేస్తారండి."

"మొదట చెప్పిన మాటలో ఈయనకి లాభం ఉంది. ఇందులో ఏమీ లేదు" అన్నారు, భార్య వైపు తిరిగి. "నష్టపోవడానికి అబద్ధం చెప్పేవాణ్ణి నేనింకా చూడలేదు. మిషను కొత్తదే."

"మిషను సంగతి తేలింది. మరి ఈయన సంగతో?" అన్నారు ఆవిడ.

మిషనుకి మడి వచ్చిన క్షణంలోనే నాకు ఉన్న కాస్త పేరూ పోయింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

"మంట సరిగ్గా ఉందని మీకు నమ్మకమేనా?"

"నమ్మకమేనమ్మా."

"అయితే తలుపులన్నీ వేసుకుని లోపల కూర్చోండి. మేం గుడి అరుగు మీద కూర్చుంటాం."

ఆవిడ మళ్ళీ స్నానం చేసి, మడి కట్టుకుని, పంచె పిండి తెచ్చారు. నేను మిషనుకి దూరంగా నిలబడి నోటితో చెప్పాను. ఈ మీట కుడివైపు తిప్పండి, ఆ బొత్తాం నొక్కి ఉంచండి. ఆవిడ తిప్పారు, నొక్కారు. లోపల మంట అంటుకున్న చప్పుడు వినగానే బయటికి వెళ్ళిపోయారు. తలుపు మూసుకుంది.

రేకు ఇంట్లో వాన చప్పుడు మీరు ఎప్పుడైనా విన్నారో లేదో. మిషను చప్పుడు అందులో కలిసిపోయింది. మంట సరిగా మండక గాలిలో విషం పుడితే మోగే అలారం ఒకటి గోడకి బిగించాను. దాని పచ్చ దీపం వంకే చూస్తూ కూర్చున్నాను. మిషనుని ముట్టుకోవడానికి లేదు కాబట్టి చేతులు చంకల్లో పెట్టుకున్నాను. పుస్తకంలో చదివినవన్నీ గుర్తుచేసుకున్నాను. గుర్తు రానివి కూడా ఉన్నాయి, వాటి గురించే ఎక్కువ ఆలోచించాను. చెమటలు పోశాయి. అది మిషను వేడి అని తరవాత అందరికీ చెప్పాను.

పచ్చ దీపం పచ్చగానే ఉంది. ఒకసారి కిటికీ అద్దంలోంచి చూస్తే గోడ అవతల గొట్టంలోంచి తెల్లటి ఆవిరి వానలోకి పోతోంది. ఆ పంచెలో తడి అది.

మిషను ఆగి, కూయడం మొదలుపెట్టింది. బొత్తాం నొక్కితే ఆగుతుంది. నేను నొక్కకూడదు. అది కూస్తూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. చివరికి ఆవిడకి వినబడి వచ్చారు. నడవ చాలా ఇరుకు, ఇద్దరు పట్టరు. ఆవిడకి తగలకుండా ఉండాలంటే నాకు దారి ఒకటే కనిపించింది. స్నానాల గదిలోకి దూరి తలుపేసుకున్నాను. నా ఉద్యోగంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం నేను బాల్చీ పక్కన నిలబడి విన్నానే తప్ప చూడలేదు.

మిషను తలుపు తెరుచుకుంది. గుడ్డ విదిల్చిన చప్పుడు.

"అమ్మా?" అన్నాను లోపలినించి.

"అంచు దగ్గర కాస్త చెమ్మ ఉంది."

"మడత పడి ఉంటుందమ్మా. విప్పి ఇంకోసారి వేయండి."

"మీరు అక్కడే ఉండండి."

ఉన్నాను. మిషను మళ్ళీ తిరిగింది, మళ్ళీ కూసింది. ఈసారి గుడ్డ విదిల్చాక ఆవిడ నాతో మాట్లాడలేదు. "ఏవండీ, రండి, కట్టుకుందురు గాని" అని భర్తని పిలిచారు.

నేను బయటికి వచ్చేసరికి పూజారిగారు సాయంత్రం పూజకి సిద్ధమై గుమ్మంలో నిలబడి ఉన్నారు. పంచె కుచ్చిళ్ళు కాళ్ళకి అంటుకోకుండా విడివిడిగా ఉన్నాయి. ఆయన వాటిని చూసుకుంటున్నారు. పెద్దాయన పంచె ముట్టుకుని చూడబోయి, గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఆరిందాండీ?" అన్నారు.

"వెచ్చగా ఉందండి" అన్నారు పూజారిగారు. గొడుగు తీసుకుని మెట్లు దిగారు.

పెద్దాయన నాకేసి చూసి, రేపు కంపెనీ ఇంజనీరుని కూడా పంపించి ఒకసారి చూపించండి, అన్నారు. పంపించాం. ఆ ఇంజనీరు గొట్టం, జెట్టు, జాలీ అన్నీ చూసి, బాగానే బిగించారన్నాడు. అద్భుతంగా బిగించారన్నాడని చాలాచోట్ల చెప్పాను. అతనన్నది బాగానే అని.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు దీన్నించి ఏం నేర్చుకోవాలని అడుగుతారు. సైజు సంగతి నేర్చుకోండి, గొట్టం సంగతి నేర్చుకోండి. బట్ట గట్టిగా పిండమని చెప్పండి. తెలియని పని చేసేటప్పుడు తెలియదని ముందే చెప్పమని మాత్రం నేను చెప్పను. ముందే చెప్పి ఉంటే వాళ్ళు నన్ను గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు, ఆ పంచె ఇంకెవరైనా ఆరబెట్టేవారో లేదో నాకు తెలియదు. దీని గురించి ఎన్నోసార్లు ఆలోచించాను, ఏదీ తేలలేదు. సేల్స్ అమ్మాయి మాత్రం తేల్చేసింది. తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు తనే తీసుకుంది. ఓనరుగారికి ఏమీ చెప్పలేదు.

కార్తీకానికి రెండో పూజారిని పెట్టలేదు. ఒక సోమవారం నేనూ వెళ్ళి క్యూలో నిలబడ్డాను. సముద్రంలో వాయుగుండం పట్టి, ఊరంతా చిత్తడిగా ఉంది. పూజారిగారు పొడి పంచెతో లోపలికి వెళ్ళడం, అభిషేకాలతో తడిసి బయటికి రావడం, ఇంట్లోకి వెళ్ళి మళ్ళీ పొడి పంచెతో రావడం చూశాను. ఇంటి గోడకున్న గొట్టంలోంచి ఆవిరి వస్తూనే ఉంది. అది ఏంటని నా ముందున్నావిడ ఎవరినో అడిగితే, పూజారిగారి బట్టల పొయ్యి అన్నారు. బిగించింది నేనేనని చెబుదామనుకునేలోపే క్యూ కదిలింది.

ఆ రోజు ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదని రాయాలని నాకు చాలా ఉంది. దగ్గారు. నాకు తీర్థం పోయబోతూ కూడా పక్కకి తిరిగి దగ్గారు. తరవాత మంత్రం ఎక్కడ ఆగిందో అక్కడినించి ఆయనే అందుకున్నారు. అందుకోవడానికి పక్కన ఇంకెవరూ లేరు.